కడుపులో చల్ల

పర్లాకిమిడిలో టపా సంచీ కట్టుకుని బయల్దేరేసరికి
ఎండ ఇంకా పెంకుల మీదే ఉంటుంది.
ఊరు దాటాక జీడితోటలు, తరవాత మొక్కజొన్న,
తరవాత రోడ్డు
ఉన్నట్టుండి మెడ పైకెత్తుతుంది.

పదకొండు మలుపులు.
మొదటి రాయి మీద ఒడియాలో ఊరి పేరు.
ఆ అక్షరాలకి తలలు గుండ్రం,
మన అక్షరాలకి పొట్టలు గుండ్రం.
నా పొట్ట సంగతి నాకు తెలుసు:
రెండో కాన్పుకి బరంపురంలో కోసి కుట్టిన గీత కింద
ఒక వదులు సంచీ.
టపా సంచీ కంటే అదే బరువు.

మూడో మలుపుకే సైకిలుకి తాగినోడి నడక.
హ్యాండిల్ని కవ్వం తాడులా
అటు లాగి, ఇటు లాగి,
భుజాలు చెవుల దాకా వచ్చేవి.
కాళ్ళు తొక్కిన బలమంతా నడుం దగ్గర కారిపోయేది
చిల్లుకుండలో నీళ్ళలాగ.
దిగి నెట్టేదాన్ని.
ఉదయగిరి బస్సు కిటికీలన్నీ నన్నే చూసేవి.

బ్రేకు రబ్బర్లు మార్పించడానికి ఆగితే
సైకిల్ షాపు డిల్లేశు,
ఒకప్పుడు ఐసు డబ్బా కట్టుకుని ఈ కొండే ఎక్కినవాడు,
చక్రం తిప్పుతూ అన్నాడు:
“ఏటమ్మా, సేతుల్తో ఎక్కుతున్నావేటి కొండ?
సేతులు దారి సూపడానికి. కాళ్ళు తొక్కడానికి.
ఎక్కీది నడుం.
కడుపులో సల్ల కదలకూడదు.”

నవ్వాను.
అది నీడపట్టున కూచున్నవాళ్ళ మాట అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ రాత్రి వంటింటి గచ్చు మీద
మోచేతులూ మునివేళ్ళూ ఆనించి
ఒళ్ళంతా పీటచెక్క చేశాను.
మా సుగుణ నా నడుం మీద స్టీలు గ్లాసు పెట్టింది
సగం మజ్జిగ పోసి.
“ఎనిమిది” అనేలోపే వీపంతా పులుపు.
దాని నవ్వు, పిల్లి హడావిడి.

మర్నాడు పన్నెండు. ఆ మర్నాడు తొమ్మిది.
పోస్టుమాస్టరు పాణిగ్రాహి బాబు మధ్యాహ్నం తలుపు తీసి,
సంచుల మధ్య బోర్లా ఉన్న నన్ను చూసి
“కణ హెలా?” అంటూ నీళ్ళకి పరిగెత్తాడు.
ఒకరోజు ఊరికే ఏడ్చాను.
దసరా వెళ్ళేసరికి నలభై.
కుట్టుగీత కింద ఎవరో
మంచం నవారు మళ్ళీ బిగించినట్టు.

నడుం బిగించడమంటే కొంగు దోపడం కాదు.
బొడ్డుని వెన్ను వైపు పిలిచి,
అక్కడే కూచోపెట్టి,
ఊపిరిని మాత్రం పక్కటెముకల్లోకి పంపడం.
సీటు మీద రవ్వంత ముందుకి జరగడం.
మోచేతులు మెత్తగా, వేళ్ళు
కోడిపిల్లని పట్టుకున్నట్టు.

నిన్న కొండకి మంచు పట్టింది.
సంచీలో మూడు రిజిస్టర్లు, ఒక బ్యాంకు కార్డు,
సోంబారి అవ్వ పింఛను.
నాలుగో మలుపు. గొలుసు ఒకే శ్రుతి.
ఆరులో ఎదురుగాలి.
లేచి నిలబడి హ్యాండిల్ మీద పడదామన్న పాత బుద్ధి లేచింది.
బొడ్డు దగ్గర పట్టు వదల్లేదు,
భుజాలు దిగే ఉన్నాయి.
కాలు ఖర్చుపెట్టిన ప్రతి పైసా చక్రానికే చేరింది,
మధ్యలో దళారీ లేకుండా.

తొమ్మిదిలో దిగాను. అబద్ధమెందుకు.
తొమ్మిది ఇంకా నాది కాదు.

నెడుతుంటే వెనకనించి వచ్చి దాటేసింది సోంబారి అవ్వ.
నెత్తి మీద అనాసల గంప, చేతులు రెండూ ఖాళీ.
మెడ కదలదు, గంప కదలదు,
కింద పాదాలు మాత్రం వాటి మానాన అవి.
ఆగి, వచ్చీరాని తెలుగులో అడిగింది:
“నీ సైకిలు రోజూ ఏడుస్తాది. ఇయ్యాల ఏడవలేదే?”

అవును.
ఆ కిర్రుకిర్రు ఇరుసుదనుకుని
ఏడాదంతా నూనె పోశాను.
నాది అది.

పింఛను రోడ్డు మీదే ఇచ్చేశాను.
వేలిముద్ర మిషను చాపితే
గంప దించకుండానే
బొటనవేలు ఇచ్చింది.